పక్కకు లాగే మగ్గం: షోలాపూర్ నేతపేటల్లో లోపం పట్టే విద్య

మగ్గం మీద నేత సాగుతున్నంతసేపు గుడ్డ రెండు అంచులూ ఒకే బిగువుతో ముందుకు కదలాలి. ఒక అంచు బిగిసి రెండోది వదులైతే పేక, అంటే అడ్డంగా పడే నూలు, ఏటవాలుగా పడుతుంది. చుట్టగా చుట్టుకునే గుడ్డ క్రమంగా ఒక పక్కకు జరుగుతుంది. ఆ గుడ్డ నుంచి కోసిన దుప్పటిని మడిచి చూస్తే మూలలు కలవవు. కొత్త యంత్రంలో అరుదుగా కనిపించే ఈ లోపం, పాతబడిన మరమగ్గంలో తరచుగా ఎదురవుతుంది. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తెలుగు పద్మశాలీలు తరతరాలుగా నివసిస్తున్న నేతపేటల చరిత్రను ఈ ఒక్క లోపం చుట్టూ పరిశీలించినా, అక్కడి పరిశ్రమ ఎటువంటి యంత్రాలతో, ఎంత పెట్టుబడితో, ఏ విద్య ఆధారంగా నిలబడిందో తెలుస్తుంది.

షోలాపూర్‌కు 1860లో రైలు వచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన ఆ మార్గం 1871లో రాయచూరు వరకు సాగడం, 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యపు రైలుమార్గం తెరుచుకోవడం వల్ల తెలంగాణ నేతగాళ్లకు షోలాపూర్ ప్రయాణం సులభమైంది. అంతకుముందే వచ్చి స్థిరపడిన కుటుంబాల వెంట కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారు బంధువుల ఆసరాతో విడతలు విడతలుగా తరలివచ్చారు. 1870ల దశకంలో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ స్థాపనతో ఊరు మిల్లుల పట్టణంగా మారడం మొదలైంది. ఊరివారు జూనీ మిల్లు అని పిలుచుకున్న ఆ మిల్లు తర్వాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట వంటి పేటల్లో ఇంటి వసారాలోనో పక్కనే వేసిన రేకుల షెడ్డులోనో మగ్గాలు ఆడేవి. మిల్లులూ ఇంటి మగ్గాలూ ఒకే ఊళ్లో పక్కపక్కన పనిచేయడం వల్ల యంత్రపు పని తెలిసిన చేయి, నేత తెలిసిన చేయి ఒకే కుటుంబంలో కలిసే వీలు ఏర్పడింది.

షోలాపూర్ చేనేత ఒంటరి నేతగాడి గుడిసెకు పరిమితం కాలేదు. కార్ఖానాదారు అనే యజమాని కొన్ని మగ్గాలను ఒక చోట చేర్చి, నేతకూలీలకు నేసిన చీర లెక్కన కూలి ఇచ్చి నడిపే కార్ఖానాలు ఇక్కడ బాగా విస్తరించాయి. 1733లో ఇంగ్లండులో జాన్ కే రూపొందించిన ఎగిరే నాడె, అంటే తాడు లాగితే నిలువుగా సాగే పడుగు నూలు మధ్య నుంచి పేకను మోస్తూ ఆ పక్కకూ ఈ పక్కకూ దూసుకుపోయే సాధనం, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఈ కార్ఖానాల్లో స్థిరపడింది. పూనాలోని గోఖలే సంస్థ 1947లో ప్రచురించిన ఆర్. జి. కాకడే గ్రంథం షోలాపూర్ నేత కులాల ఆర్థిక, సామాజిక స్థితిగతుల మీద జరిపిన ప్రత్యేక సర్వే; ఈ పేటల చరిత్ర రాయబోయే వారెవరికైనా అది తొలి ఆధారం.

చేమగ్గంలో గుడ్డ పక్కకు లాగితే దాన్ని సరిచేయడానికి మరొకరి అవసరం అంతగా ఉండేది కాదు. పడుగును వెనక్కి లాగి పట్టే తాళ్లు, నాడెను విసిరే తాడు, పేకను గట్టిగా అదిమే పన్నె, అంటే సన్నని పుల్లలతో దువ్వెనలా అమర్చిన పలక, అన్నీ నేతగాడి చేతికి అందేంత దూరంలోనే ఉండేవి. ప్రతి పేక దెబ్బకూ రెండు అంచుల బిగువు అతని చేతికే తెలిసేది కనుక, లోపం గుడ్డలో పడకముందే తాడు ముడి జరిపి సర్దుకునేవాడు.

మరమగ్గం ఈ సంబంధాన్ని తెంచింది. ఇరవయ్యో శతాబ్ది నడిమి దశకాల్లో షోలాపూర్ కార్ఖానాదారులు చేమగ్గాల స్థానంలో విద్యుత్తుతో ఆడే మగ్గాలను దించుకోసాగారు. చీర నుంచి చద్దరుకూ టర్కీ తువాలుకూ పరిశ్రమ మళ్లడం కూడా ఈ మార్పుతో ముడిపడినదే. కొత్త యంత్రానికి పెట్టుబడి లేని చిన్న కార్ఖానాదారుకు, మిల్లులు వాడి వదిలేసిన సాదా మగ్గాలే అందుబాటులోకి వచ్చాయి. 1842లో ఇంగ్లండులో కెన్‌వర్తీ, బులో రూపొందించిన లాంకషైర్ మగ్గపు నమూనాయే ఈ సాదా మగ్గాలకు మూలం. బరువైన పోత ఇనుప చట్రం, మధ్యలో అడ్డంగా తిరిగే ఇరుసు, ఆ ఇరుసుకు కుడి ఎడమల రెండు కడ్డీలు, ఆ కడ్డీల కొసన ముందుకూ వెనక్కూ ఊగే పన్నె: నిర్మాణం సరళమైనది, ఏళ్ల తరబడి ఆడగలది. అయితే అన్నేళ్లూ అది ఒకే తీరుగా అరగదు. పట్టా తగిలించే పక్క ఒక తీరుగా, రెండో పక్క మరో తీరుగా అరుగుతుంది. కొన్నవాడు మగ్గంతో పాటు ఆ అరుగుదలనూ కొన్నాడు.

ఈ పరిస్థితిలో జాబరు స్థానం పెరిగింది. బొంబాయి, షోలాపూర్ మిల్లుల్లో జాబరు కొంతమంది కార్మికుల మీద పెత్తనం చేస్తూ, పనిలోకి మనుషులను చేరుస్తూ, మగ్గాలను సర్దే బాధ్యత కూడా వహించేవాడు. 1931లో వెలువడిన, భారత కార్మికులపై రాయల్ కమిషన్ నివేదిక మిల్లు వ్యవస్థలో అతని బలాన్ని విమర్శనాత్మకంగా చర్చించింది. పేటల్లోని కార్ఖానాలకు వచ్చేసరికి ఆ పెత్తనం చాలావరకు రాలిపోయి, యంత్రం తెలిసిన మిస్త్రీ మాత్రమే మిగిలాడు. చిన్న కార్ఖానాకు సొంత జాబరును పోషించే స్తోమత లేదు కనుక అతడు ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు తిరిగేవాడు. ఒకే లోపాన్ని అనేక మగ్గాల్లో చూసిన అనుభవం అతనికి అలా సమకూరింది.

జాబరు పరీక్ష మగ్గం దగ్గర కాక గుడ్డ దగ్గర మొదలవుతుంది. లోపం గుడ్డ వెడల్పంతా పరుచుకుందా, ఒక పక్కనే ఉందా అన్నది తొలి ప్రశ్న. కొంత మేర దట్టంగా, కొంత మేర పలచగా అడ్డపట్టీలు పడితే, పడుగును వదిలే దూలమో గుడ్డను లాక్కునే పళ్లచక్రాలో కుదుపుతో కదులుతున్నాయని అర్థం. దూలాన్ని నిలువరించే గొలుసు మీద నూనె పడినా ఇదే జరుగుతుంది. అటువంటి పట్టీలు లేకుండా లోపం ఒక అంచు వైపే ఉంటే, కుడి ఎడమల మధ్య సమానత ఎక్కడో చెడిందని తేలుతుంది. గుడ్డలో ఒక పేక పోగును పట్టి లాగి, ఆ గీత వెంట మడిచి చూస్తే ఏటవాలు ఎంత ఉందో, ఏ వైపుకు ఉందో కంటికి తెలుస్తుంది.

తర్వాతి పరీక్ష పడుగు దూలానికి, షోలాపూర్‌లోనూ తెలంగాణ నేత పట్టణం సిరిసిల్లలోనూ భీము అని పిలిచే దానికి. భీము మీద నూలు ఒక పక్క గట్టిగా, మరో పక్క మెత్తగా చుట్టుకుని ఉంటే రెండు కొసల లావు సమానంగా ఉండదు. లావుగా ఉన్న కొస ఒక్కో చుట్టులో ఎక్కువ నూలును వదులుతుంది కనుక ఆ వైపు పడుగు సడలుతుంది. ఇది మగ్గం లోపం కాదు, భీము చుట్టిన చోటి లోపం. దీన్ని గుర్తించకుండా మగ్గాన్ని విప్పితే రోజు కూలి పోవడమే కాక, సరిగా ఉన్న భాగాలు కూడా చెడతాయి. భీము మారిన తర్వాత కూడా గుడ్డ అదే పక్కకు లాగితేనే మగ్గాన్ని అనుమానించాలి.

మగ్గంలో మొదటి అనుమానం ఇరుసు కడ్డీల మీదికి వెళ్తుంది. పన్నెను ముందుకు తోసే రెండు కడ్డీల్లో ఒకదాని లోపలి ఇత్తడి గుల్ల అరిగితే, ఆ వైపు పన్నె చివరి దెబ్బ వెంట్రుకవాసి తక్కువ దూరం వెళ్తుంది. పేక ఆ వైపు వెనకబడి నిలుస్తుంది. మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ పన్నె రెండు కొసలనూ పట్టి ఊపి చూస్తే ఆ ఖాళీ చేతికి అందుతుంది. తర్వాత గుడ్డను లాగే గరుకు రోలరు. దాని పైపొర ఒక కొసన నునుపుదేరితే అక్కడ గుడ్డ జారుతుంది, చుట్ట ఒక వైపు లావుగా తయారవుతుంది. ఆ తర్వాత గుడ్డ వెడల్పు కుంచించుకుపోకుండా రెండు అంచులనూ పట్టి ఉంచే ముళ్ల ఉంగరాలు. వాటిలో ఒకటి తిరగక బిగుసుకుపోతే ఆ అంచు చిరుగుతుంది, లేదా లోపలికి ముడుచుకుంటుంది. చివరికి చట్రం. నేలకు బిగించిన బోల్టు సడలితే మగ్గం ప్రతి దెబ్బకూ కదిలి, పడుగు దూలం, పన్నె, రోలరు అనే మూడింటి సమాంతర స్థితి చెడిపోతుంది.

నాడె పక్కకు తిరిగే లోపం వేరు. పన్నె గోడా, నాడె ఆగే పెట్టె వెనుక గోడా ఒకే గీతలో లేకపోతే నాడె దారి తప్పి, పడుగు పోగులను తెంచుతుంది, ఒక్కోసారి బయటికి ఎగిరి పక్క మగ్గం మీది మనిషికి తగులుతుంది. అందుకే ఈ లోపాన్ని వాయిదా వేయడానికి వీలుండేది కాదు. నాడెను మార్చి చూడటం ఇక్కడి తొలి పని: కొత్త నాడె నేరుగా వెళ్తే తప్పు పాతదాని అరుగుదలలో ఉంది, అది కూడా తప్పితే తప్పు మగ్గంలో ఉంది.

టర్కీ తువాలు నేతలో ఈ పరీక్ష మరింత సూక్ష్మమవుతుంది. తువాలుకు రెండు భీములు ఉంటాయి: ఒకటి బిగువైన నేల పడుగుకు, రెండోది ఉంగరాలుగా పైకి లేచే వదులు పడుగుకు. మొదటి రెండు పేకలను పన్నె పూర్తిగా అదమకుండా కొంచెం దూరంలోనే ఆపుతుంది. మూడో పేకతో మూడింటినీ కలిపి ముందుకు తోసినప్పుడు వదులు పడుగు ఉంగరాలుగా లేస్తుంది. ఆ ఖాళీ దూరమే ఉంగరం ఎత్తును నిర్ణయిస్తుంది కనుక, పన్నెను ఒక కొసన నడిపే భాగం అరిగి ఉంటే తువాలు ఒక పక్క ఒత్తుగా, మరో పక్క పలచగా దిగుతుంది. సాదా గుడ్డలో కంటికి ఆనని తేడాను తువాలు బయటపెడుతుంది. షోలాపూర్ చద్దరు, షోలాపూర్ టర్కీ తువాలు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులుగా ఈనాడు ప్రసిద్ధమయ్యాయి. ఆ గుర్తింపు వెనుక, పాత మగ్గం రెండు కొసలనూ సమానంగా ఆడించిన ఈ చేతుల పని ఉంది.

ఈ పరీక్షా క్రమానికి పాత మోటారుకారును బాగుచేసే మెకానిక్ పద్ధతితో దగ్గరి పోలిక ఉంది. కారు ఒక పక్కకు లాగితే అతడు ముందు రెండు టైర్లలో గాలి సరిచూస్తాడు, ముందు చక్రాలను అటూ ఇటూ మార్చి లాగుడు కూడా మారిందా అని గమనిస్తాడు, బ్రేకు వేసినప్పుడే లాగుతోందా, ఎల్లప్పుడూ లాగుతోందా అని విడదీస్తాడు, ఆ తర్వాతే చక్రాల కోణం కొలవడానికీ అరిగిన బుష్షులు విప్పడానికీ పూనుకుంటాడు. రెండు చోట్లా సూత్రం ఒకటే: ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి, తేలికగా మార్చగలిగినదాన్ని ముందు మార్చాలి, లోపం దేని వెంట వెళ్తుందో చూడాలి.

ఈ విద్యకు ఆర్థిక కోణం కూడా ఉంది. నేతకూలీకి నేసిన మేరకే కూలి. మగ్గం ఆగినంతసేపూ అతని సంపాదన ఆగుతుంది, గుడ్డ చెడితే యజమానికి ధర తగ్గుతుంది. కండెలు చుట్టే ఆడవారి చేతిపని కూడా మగ్గం ఆడితేనే సాగుతుంది. కనుక జాబరు లోపాన్ని గంటలో పట్టాడా, రెండు రోజులు విప్పి వెతికాడా అన్నది ఒక పేటలో ఆ వారం పొయ్యి వెలిగే తీరును నిర్ణయించేది. తక్కువ ధరకు వచ్చిన యంత్రాన్ని లాభసాటిగా ఆడించగలగడమే చిన్న కార్ఖానాదారుకు ఉన్న అసలు పెట్టుబడి, ఆ పెట్టుబడి జాబరు చేతిలో ఉండేది.

ఇంత విలువైన విద్య పుస్తకాలకు ఎక్కలేదు. మరాఠీ, తెలుగు, మిల్లు ఇంగ్లీషు కలగలిసిన మాటల్లో, పెద్దవాడి వెనక పానాలు మోసిన కుర్రవాడికి అది చేతిలోనే అందింది. నాడె లేకుండా పేకను దూర్చే రేపియర్ మగ్గాలు వస్తున్న కొద్దీ సాదా మగ్గాలు తుక్కు కింద తూకానికి పోతున్నాయి. కొత్త యంత్రాల్లో బిగువును మీటర్లూ తెరలూ చూపిస్తున్నాయి. యంత్రం మారడం అనివార్యం, కొన్ని విధాల మేలు కూడా: ఎగిరిపడే నాడె ప్రమాదం పోవడం చిన్న విషయం కాదు. కానీ కుడి ఎడమలను పోల్చి, గుడ్డ నుంచి యంత్రానికి, తేలిక నుంచి కష్టానికి నడిచే ఆ ఆలోచనా క్రమం ఏ యంత్రానికైనా పనికివచ్చేది. షోలాపూర్ పద్మశాలీ విద్యాసంస్థలూ సంఘాలూ మిగిలి ఉన్న పెద్ద జాబర్లను కూర్చోబెట్టి, వారి మాటల్లోనే, వారి పరిభాషతోనే, తెలుగులోనూ మరాఠీలోనూ ఈ విద్యను రాయించాలి. వలస వచ్చిన ఒక సమాజం తన అన్నం సంపాదించుకున్న జ్ఞానాన్ని భద్రపరచడం దాని చరిత్రను భద్రపరచడమే; ఆ పని చెప్పగలవారు ఉన్నప్పుడే జరగాలి.