మొదటి ప్రశ్న: విద్యార్థి అంటే ఎవరు?

2005 ప్రాంతంలో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో డేటా గిడ్డంగి నిర్మించే బృందంలో పనిచేస్తుండేవాడిని. దాని పేరు ఇక్కడ అనవసరం. మా గది అలమారలో మూడు లావుపాటి సంపుటాలుండేవి. పద్దెనిమిది నెలలపాటు అన్ని శాఖలవారినీ అడిగి, వారికి ఏయే నివేదికలు కావాలో రాసుకున్న పత్రాలవి. అందరూ సంతకాలు చేశాకనే నిర్మాణం మొదలైంది. మొదలుపెట్టిన రెండున్నరేళ్ళకు తొలి నివేదికను పెద్దల ముందు తెరమీద చూపించాము. అందులో మొదటి గడి, మొత్తం విద్యార్థుల సంఖ్య.

రిజిస్ట్రారు గారు ఆ అంకె తప్పన్నారు. ఫీజులు చూసే అధికారి తమ అంకె వేరన్నారు. బడ్జెట్టు చూసే ఆవిడ రెండూ కావన్నారు. రెండవ గడికి వెళ్ళకుండానే ఆ సమావేశం ముగిసింది.

తరువాత విచారిస్తే ముగ్గురూ చెప్పింది ఒప్పేనని తేలింది. ఒకరు పేరు నమోదు చేసుకున్న ప్రతి మనిషినీ లెక్కిస్తారు. ఇంకొకరు రుసుము చెల్లించినవారినే లెక్కిస్తారు. మూడవవారు సగం కోర్సులు చదివే ఇద్దరిని కలిపి ఒక పూర్తికాలపు విద్యార్థిగా లెక్క కడతారు. మా సంపుటాలలో పుటపుటనా కనిపించే ‘విద్యార్థి’ అన్న మాటకు అర్థమేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ సిగ్గుతోనే ఈ పద్ధతుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ముందు అవసరాలన్నీ రాయడం, పిమ్మట రూపకల్పన, ఆపైన నిర్మాణం, చిట్టచివర పరీక్ష. ఈ ‘జలపాత’ పద్ధతికి ఆద్యుడిగా విన్‌స్టన్ రాయిస్ పేరు చెబుతారు. 1970లో ఆయన రాసిన వ్యాసంలో మెట్లవంటి ఆ బొమ్మ ఉన్నమాట నిజమే. కానీ ఆ భావన మీద నమ్మకముందంటూనే, దానిని ఉన్నదున్నట్టు అమలుచేస్తే ప్రమాదమని ఆయన అక్కడే హెచ్చరించాడు. పరీక్షను చివరకు నెట్టితే, తప్పు బయటపడేనాటికి మళ్ళీ మొదటికి పోవలసివస్తుందన్నాడు. కొత్తరకం పని అయితే ముందొక నమూనా కట్టి చూసి, ఆపైన అసలుది కట్టమన్నాడు. ‘జలపాతం’ అన్న మాట ఆ వ్యాసంలో లేనేలేదు. లోకానికి బొమ్మ గుర్తుండిపోయింది, హెచ్చరిక మరుగున పడింది. 1985లో అమెరికా రక్షణశాఖ తెచ్చిన 2167 ప్రమాణంతో ఆ మెట్ల వరుసకు ప్రభుత్వ ముద్ర కూడా పడింది.

డేటా గిడ్డంగుల కథలోనూ ఇటువంటిదే జరిగింది. 1992లో బిల్ ఇన్‌మన్ పుస్తకం వచ్చింది. సంస్థ మొత్తానికీ ఒకే గిడ్డంగి ఉండాలన్న ఆయన మాటను అందరూ పట్టుకున్నారు. దానిని అంచెలంచెలుగా కట్టాలనీ, ఈ రంగంలో అవసరాలు ముందు కాదు, డేటాను చూశాకనే తెలుస్తాయనీ ఆయనే అన్న సంగతి మావంటివారి చెవికెక్కలేదు. 1996లో రాల్ఫ్ కింబాల్ తన పుస్తకంతో మరో దారి చూపాడు. ఒక్కొక్క వ్యవహారానికి చిన్న నిర్మాణం చేసుకుంటూ, ‘విద్యార్థి’ వంటి ఉమ్మడి మాటలకు అంతటా ఒకే అర్థం పాటించమన్నది ఆయన మార్గం.

ఇక 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడుగురు సమావేశమై ‘ఎజైల్’ ప్రకటన వెలువరించారు. తెలుగులో ‘చురుకు పద్ధతి’ అనవచ్చునేమో. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. ప్రణాళికను పట్టుకుని వేలాడటం కన్నా మార్పుకు స్పందించడం మిన్న అన్నది వాటి సారాంశాలలో ఒకటి. చాలామంది దీనిని వేగానికి మంత్రమనుకుంటారు. నా అనుభవంలో ఇది మన తప్పును త్వరగా మన ముందుకు తెచ్చే ఏర్పాటు, అంతే.

మేము రెండవసారి మొదలుపెట్టినప్పుడు ఒకే ప్రశ్న తీసుకున్నాము. మొదటి సంవత్సరం చేరి, రెండవ సంవత్సరానికి తిరిగిరాని పిల్లలెవరు? రెండు వారాలకొక విడత. ‘విద్యార్థి’ మీద తగాదా ఈసారి మూడవ రోజునే వచ్చింది. మొదటి విడతంతా దానికే పోయింది. చివరకు, సెమిస్టరులో ఫలానా రోజున నమోదై ఉన్నవారినే లెక్కించాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. అమెరికా విశ్వవిద్యాలయాలలో దానిని ‘సెన్సస్ డే’ అంటారు.

మూడవ విడతలో ఒక్క కళాశాల జాబితా చూపించాము. విద్యార్థులకు సలహాలిచ్చే ఉద్యోగిని ఒకావిడ దానిని చాలాసేపు చూసి, “ఈ పేర్లు ఇప్పుడిచ్చి ఏం లాభమండీ? వీళ్ళు డిసెంబరులోనే వెళ్ళిపోయారుగా” అన్నారు. ఆవిడకు కావలసింది ఆరవ వారానికే క్లాసులకు రావడం తగ్గించినవారి పేర్లు. ఆ కోరిక మా మూడు సంపుటాలలో ఎక్కడా లేదు. పాత పద్ధతిలోనే పోయివుంటే ఆవిడ ఆ మాట అనేనాటికి ఇంకెన్ని డిసెంబర్లు గడిచేవో! అవసరమైన సమాచారం అవసరమైన మనిషికి చేరాలన్న ఉద్దేశంతోనే 1958లో ఐ.బి.ఎం.కు చెందిన హాన్స్ పీటర్ లూన్ ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ అన్న పేరుతో వ్యాసం రాశాడు. అదను దాటాక చేరిన నివేదిక చేతులు కాలాక పట్టుకున్న ఆకులే.

అయితే ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. పాత డేటాలోని చెత్తను ఏరే పని తెరమీద కనిపించదు. రెండు వారాల తరువాత “ఏం చేశారు?” అంటే చూపించడానికేమీ ఉండదు. ప్రవేశాలప్పుడూ పరీక్షలప్పుడూ శాఖలవారు మనకు దొరకరు. ఆ వారాలలో మేము విడతలే ఆపేశాము. పునాది మారినప్పుడల్లా నిన్నటి నివేదికలు కూలకుండా చూసుకోవడం మరో తలనొప్పి. డేటాబేసును చిన్న చిన్న అడుగులతో ఎలా మార్చాలో చెప్పే స్కాట్ ఆంబ్లర్, ప్రమోద్ సదలగే పుస్తకం 2006లో వచ్చింది. అది మాకెంతో ఆసరా అయింది.

మన దేశంలో 2011లో అఖిల భారత ఉన్నత విద్యా సర్వే మొదలైనప్పుడు సెప్టెంబరు 30ని లెక్కింపు తేదీగా పెట్టుకున్నారని చదివి నాలో నేనే నవ్వుకున్నాను. అక్కడా ముందు తేల్చుకోవలసివచ్చింది ఆ ప్రశ్ననే.

మన విశ్వవిద్యాలయాలలో ఇటువంటి పనులు చేసిన మిత్రులు మీలో ఉండే ఉంటారు. మీకు మొదటి తగాదా ఏ మాట మీద వచ్చిందో, ఎన్నాళ్ళకు వచ్చిందో రాయండి.