అలుగు పొలుసుల మెట్లు: కిన్నెర పుట్టుపూర్వోత్తరాలు

పాలమూరు డక్కలి కళాకారుల కిన్నెరకు మెట్లుగా అమరేవి అలుగు పొలుసులు. మెట్టు అంటే తీగను వేలితో నొక్కినప్పుడు స్వరస్థానాన్ని నిర్ణయించే అడ్డుపట్టీ. వెదురు బొంగు, గుజ్జు తీసి ఎండబెట్టిన సొరకాయ బుర్రలు, నరాలతోనో వెంట్రుకలతోనో పేనిన తీగలు, నెమలి ఈకలు, చిరుగజ్జెలు కలిసి వాద్యం కాగా, చీమలనూ చెదలనూ తిని బతికే ఆ అడవి ప్రాణి ఒంటిమీది పొలుసు తేనె మైనంలో దిగి స్వరానికి ఆధారమవుతుంది. ఇది ఒక కళాకారుని సొంత కల్పన అనుకోవడానికి వీలులేదు. దక్షిణ భారత, దక్కను వాద్యాల మీద 1891లో గ్రంథం ప్రచురించిన సి.ఆర్. డే అనే బ్రిటిష్ సైనికాధికారి, కిన్నెర మెట్లను ఎముకతోనో లోహంతోనో ఒక్కొక్కప్పుడు అలుగు పొలుసులతోనో చేస్తారని, వాద్యం కొసను గద్ద రొమ్ము ఆకారంలో చెక్కుతారని వివరించాడు.

డే కంటే ఆరు శతాబ్దాలు వెనక్కి వెళితే ఈ విశేషానికి అన్నదమ్ములు కనిపిస్తారు. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో 13వ శతాబ్దిలో సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు లఘుకిన్నరి, బృహత్కిన్నరి అనే భేదాలను చెప్పి, లఘుకిన్నరికి పద్నాలుగు మెట్లు ఉంటాయని, వాటిని గద్ద జాతి పక్షి రొమ్ము ఎముకలతో చేసి, కాల్చిన గుడ్డ మసిని కలిపిన మైనంతో అతికించాలని విధించాడు. ఎముకైనా పొలుసైనా తేలికగా ఉండి అంచు గట్టిగా ఉండటం వల్ల తీగ స్పష్టంగా మోగుతుంది, మైనం వేడికి మెత్తబడేది కాబట్టి మెట్టును కాస్త జరిపి స్వరాన్ని సరిచేసుకోవచ్చు. మెట్లున్న కిన్నరిని మొదట రూపొందించినవాడు మతంగ మహర్షి అని శాస్త్రకారుల సంప్రదాయం. అంతకుముందు వాడుకలో ఉన్న విల్లు ఆకారపు వీణల్లో ఒక్కో తీగ ఒక్కో స్వరాన్నే పలికేది కాగా, మెట్లు వచ్చిన తరువాత ఒకే తీగ మీద స్థాయి మొత్తం నడిచింది. నేటి సరస్వతీ వీణ మీద ఉండే 24 ఇత్తడి మెట్లు కూడా మైనంలోనే నిలుస్తాయన్నది గుర్తుంచుకోదగిన సంగతి. కచేరీ వేదిక మీది వీణదీ ఊరి చివర మోగే కిన్నెరదీ ఒకే ఉపాయం, గౌరవం మాత్రం ఒకదానికే దక్కింది.

కిన్నెర చరిత్రలో 13వ శతాబ్దికి సాటివచ్చే కాలం మరొకటి లేదు. శార్ఙ్గదేవుడు సంస్కృతంలో లక్షణం రాసిన ఆ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు తెలుగులో ఆ వాద్యానికి ప్రాణం పోశాడు. పండితారాధ్యచరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైలానికి నడిచివెళ్ళే భక్తుల ఆటపాటలను వర్ణిస్తూ, ఆనాటి వీణా భేదాలను ఏకరువు పెట్టిన చోట కిన్నర వీణకూ స్థానం ఇచ్చాడు. నల్లమల ఉత్తరపు అంచున ఉన్న ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారం కాబట్టి, ఆ యాత్రాపథాల్లో ఒకటి నేటి నాగర్‌కర్నూలు జిల్లా నేల మీదుగానే సాగింది. బసవపురాణంలోనైతే సోమనాథుడు ఒక వైణికుణ్ణే కథానాయకుణ్ణి చేశాడు. త్రిపురాంతకుని ఎదుట కిన్నెర వాయించడమే నిత్యపూజగా పెట్టుకున్న కిన్నర బ్రహ్మయ్య కథ అది. ఉల్లిని తక్కువచేసి మాట్లాడినందుకు నొచ్చుకున్న ఆ బ్రహ్మయ్యను ప్రసన్నుణ్ణి చేసుకోవడానికి బసవన్నంతటివాడు ఉల్లిగడ్డలకు ఉత్సవం జరిపించవలసి వచ్చిందన్న ఘట్టం, కిన్నెర పట్టినవాని మాటకు శివభక్తుల లోకంలో ఎంత విలువ ఉండేదో చాటుతుంది. ఆ విలువ తరువాతి కాలంలో ఎక్కడికి జారిపోయిందన్నదే ఈ వాద్య చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన ప్రశ్న.

కిన్నెర గతితో పోల్చి చూడదగిన వాద్యం మంగోలులది. అదే 13వ శతాబ్దంలో, 1206లో చెంఘిజ్ ఖాన్ కింద ఏకమైన మంగోలులు ఆసియాను చుట్టబెట్టారు. కుబ్లాయ్ ఖాన్ కొలువులో పనిచేసిన మార్కో పోలో, మంగోలు యోధులు యుద్ధభేరి మోగేదాకా రెండు తీగల వాద్యం వాయిస్తూ మధురంగా పాడతారని చెప్పాడు. అదే యాత్రికుడు ఒక రాణి పాలిస్తున్న మోటుపల్లి రాజ్యాన్నీ అక్కడి సన్నని వస్త్రాలనూ వర్ణించాడు గాని, ఆ కాకతీయ సీమ సంగీతాన్ని ప్రస్తావించలేదు. ప్రస్తావించి ఉంటే రెండు వాద్యాలూ ఒకే పుస్తకంలో పక్కపక్కన నిలిచేవి.

గడ్డిమైదానాల ఆ సంప్రదాయానికి నేటి ప్రతినిధి మోరిన్ ఖూర్. కొసన గుర్రపు తల చెక్కిన ఈ వాద్యానికి సంప్రదాయంగా గుర్రపు తోక వెంట్రుకలతో చేసిన రెండు తీగలుంటాయి, వాటిని కమానుతో వాయిస్తారు. అక్కడ గుర్రం, ఇక్కడ గద్దా అలుగూ: తాము బతికే నేల మీది ప్రాణిని వాద్యం ఒంటిలోకి తెచ్చుకోవడం రెండు జాతులకూ తెలుసు. మోరిన్ ఖూర్‌కు తోడుగా వినిపించే ఖూమీ అనే కంఠగానంలో గాయకుడు గొంతు బిగించి అడుగున ఒక మంద్రనాదాన్ని ఎడతెగకుండా నిలుపుతూ, నాలుకనూ పెదవులనూ కదిలిస్తూ ఆ నాదంలోనే దాగిన అనుస్వరాలను, అంటే మూలనాదపు కంపనానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పుట్టే సన్నని ధ్వనులను, ఈల వలె పైకి తీస్తాడు. హోవ్ద్ రాష్ట్రంలోని చాంద్‌మాన్ ప్రాంతాన్ని మంగోలులు ఈ విద్యకు పుట్టినిల్లుగా భావిస్తారు. సోవియట్ ప్రభావ కాలంలో మోరిన్ ఖూర్ తోలు ముఖం స్థానంలో చెక్క పలక, వెంట్రుకల చోట నైలాను వచ్చి, పాత ధ్వని కొంత చెదిరిన మాట నిజమే. అయినా ఆ దేశం దానిని జాతి చిహ్నంగా నిలుపుకున్నది, యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో 2008లో మోరిన్ ఖూర్, 2010లో ఖూమీ చేరాయి.

కిన్నెరకు అటువంటి అండ దొరకలేదు. 17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుని కాలానికి వీణ నేటి రూపానికి వచ్చి కొలువులను ఆక్రమించగా, కిన్నెర గ్రంథాల్లోంచి తప్పుకొని ఊళ్ళ వెలుపలికి చేరింది. మాదిగలను ఆశ్రయించి వారికి జాంబపురాణం చెప్పి ప్రతిఫలం పొందే డక్కలివారు, అంటరానివారికి కూడా దూరంగా ఉంచబడిన జనం, దానిని తమ బతుకుదెరువుగా కాపాడారు. సాధారణంగా ఏడు మెట్లుండే కిన్నెరను పన్నెండు మెట్లకు పెంచినది కూడా ఈ జనమే తప్ప ఏ ఆస్థాన విద్వాంసుడూ కాడు.

కథల్లోనూ వారిది సొంత దారి. నిజాం కాలంలో దొరల సొమ్ము దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న, పానుగల్లు మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్యగౌడు, వట్టెం రంగనాయకమ్మ వారి పాటల్లో నాయకులూ నాయికలూ అయ్యారు. వట్టెం బిజినేపల్లి మండలంలోని ఊరు, ఎండబెట్ల నాగర్‌కర్నూలు పక్కది, పానుగల్లు వనపర్తి సీమది. అంటే పాలమూరు పల్లెల చరిత్ర రాతకు ఎక్కకముందే కిన్నెర మీదికి ఎక్కింది. ఒక కళాకారుడు పోయినప్పుడల్లా ఒక వాద్యంతో పాటు కొన్ని ఊళ్ళ స్మృతి కూడా పోతుందని, ఆ నష్టాన్ని ఏ పురావస్తు శాఖా లెక్కగట్టలేదని చెప్పక తప్పదు. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు ఆదిధ్వని సేకరణ వంటి ప్రయత్నాలు వాద్యాలను భద్రపరిచాయి. పాటలను అదే శ్రద్ధతో, కథకు కథ, ఊరికి ఊరు భద్రపరచవలసిన పని విశ్వవిద్యాలయాలు ఏనాడో పూర్తిచేసి ఉండవలసింది.

లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య వల్ల పన్నెండు మెట్ల కిన్నెర పేరు మళ్ళీ నలుగురి నోట పడింది. 2021 సెప్టెంబరులో తమన్ సంగీతంలో విడుదలైన భీమ్లా నాయక్ చిత్ర గీతం ఆయన గొంతుతో మొదలైంది, 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అంతకు కొన్నేళ్ళ ముందు, 2018లో, ద హు అనే మంగోలు బృందం ఖూమీనీ మోరిన్ ఖూర్‌నూ రాక్ సంగీతంతో కలిపి ప్రపంచమంతటా శ్రోతలను సంపాదించుకున్నది. వారి వెనుక వాద్యం నేర్పే పాఠశాలలూ చేసే కార్ఖానాలూ ఉన్నాయి. మొగిలయ్య వెనుక ఉన్నది తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన విద్య ఒక్కటే, పురస్కారం తరువాత కూడా ఆయన కూలిపనికి వెళ్ళవలసి వచ్చిందని 2024లో పత్రికలు రాశాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగును మొదటి షెడ్యూలులో చేర్చి వేటను నిషేధించింది. వేటగాళ్ళ వల్ల అంతరించే స్థితికి వచ్చిన ఆ జీవికి ఈ రక్షణ ఎంతైనా అవసరం. కాబట్టి ఇకమీదట చేసే కిన్నెరకు డే చూసిన అలుగు పొలుసు పనికిరాదు. డే పేర్కొన్న మూడింటిలో మిగిలిన ఎముక, లోహపు మెట్లతో పాత నాదం ఎంతవరకు నిలుస్తుందో చేసి, వాయించి, విని తేల్చవలసినవారు డక్కలి కళాకారులే.