నియోక్లాసికల్: తెగిన దారం పేరు సంప్రదాయమా?

"నియోక్లాసికల్" అన్న మాటని మన అర్థశాస్త్రం పుస్తకాలు "నవ్య సంప్రదాయ" అని తెలుగు చేశాయి. ఆ అనువాదం నాకు మొదట్నుంచీ మింగుడుపడదు. సంప్రదాయం అంటే తెగకుండా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చేది కదా! నియోక్లాసికల్ కళాకారులు చేసింది దాదాపు దానికి తలకిందులు. తమ తండ్రుల తరం రుచిని పక్కకి నెట్టేసి, ఎప్పుడో తెగిపోయిన దారం కొసని తవ్వి తీసుకున్నారు.

తవ్వడం అన్నది ఉత్తినే అన్నమాట కాదు. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి తవ్వకాలు మొదలయ్యాయి. 1755లో వింకెల్‌మన్, గ్రీకులని అనుకరించడమే గొప్పతనానికి దారి అని రాశాడు. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా గ్రీసు వెళ్ళలేదు. రోములో చూసినవి ఎక్కువగా గ్రీకు శిల్పాలకి రోమన్ నకళ్ళు, అవీ రంగు వెలిసిపోయినవి. గ్రీకులు తమ శిల్పాలకి రంగులు వేసేవాళ్ళు. వేల ఏళ్ళ వానకీ మట్టికీ మిగిలిన తెల్లదనాన్ని యూరప్ అందానికి కొలబద్ద చేసుకుంది. ఆ నమ్మకం ఎంత బలమైందంటే, 1930లలో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలు ఇంకా తెల్లగా కనబడాలని పైపొరని రాగి పనిముట్లతో గీకేశారు.

అలాగని అదంతా ఉత్త అనుకరణ అనలేం. డేవిడ్ 1785లో పారిస్‌లో ప్రదర్శించిన 'హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ'లో పాత రోము కొత్త రాజకీయానికి భాషగా మారింది. నాలుగేళ్ళ తర్వాత విప్లవం వచ్చింది. (సంగీతంలో ఈ పేరు ఇంకా ఆలస్యంగా వచ్చింది. స్ట్రావిన్‌స్కీ 1920లో 'పుల్చినెల్లా' రాసినప్పుడు ఆయన వెతుక్కున్న పాతకాలం గ్రీసు కాదు, 18వ శతాబ్దం.)

అదే శైలి హైదరాబాదులో ఇంకో పని చేసింది. కోఠీ ఉమెన్స్ కాలేజీగా మనం ఎరిగిన రెసిడెన్సీని 1800ల మొదట్లో కర్క్‌పాట్రిక్ కట్టించాడు. ముందు వైపు కొరింథియన్ స్తంభాలు, త్రికోణపు పెడిమెంట్. అంటే దర్బారుకి కంపెనీ చూపించిన ముఖం. కానీ ఆయన భార్య ఖైరున్నిసా కోసం అదే ఆవరణలో మన పద్ధతిలో రంగ్ మహల్ కూడా ఉండేది. ఆ ఇంట్లో రెండు పాతకాలాలు పక్కపక్కనే బతికాయన్నమాట.

ఇక అర్థశాస్త్రం. ఇక్కడ పేరు పెట్టినవాడు అభిమాని కాదు, విమర్శకుడు. 1900లో వెబ్లెన్ మార్షల్ తరహా ఆలోచనకి ఈ పేరు తగిలించాడు. స్మిత్, రికార్డోలు భూస్వామి, పెట్టుబడిదారు, కూలీ అని వర్గాలుగా చూశారు. విలువ ఎక్కడ పుడుతుంది అంటే శ్రమ వైపు చూపించారు. 1871లో జెవన్స్, మెంగర్ వచ్చి, చివరి ముద్ద ఇచ్చే తృప్తి దగ్గర లెక్క మొదలుపెట్టారు. మార్షల్ ఈ రెండింటినీ గిరాకీ, సరఫరా అనే కత్తెర రెండు అంచులుగా కలిపాడు. కానీ ఆ కత్తెరకి కూలీ, భూస్వామి అన్న తేడా పెద్దగా తెలీదు. తూకానికి వచ్చినవాళ్ళంతా కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మాత్రమే. కళలో కొత్తవాళ్ళు పాత రూపాన్ని తెచ్చుకుని కొత్త ప్రశ్న అడిగారు. అర్థశాస్త్రంలో పాత ఇంటిపేరు ఉండిపోయింది, పాత ప్రశ్న ఇల్లు ఖాళీ చేసింది.

రెసిడెన్సీ స్తంభాలు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. రంగ్ మహల్‌ని మాత్రం తర్వాతి దొరలు 19వ శతాబ్దంలోనే కూలగొట్టారు.