గోగునార పోయిన త్రోవ

ఖరగపురపు సుభాష్‌పల్లిలో మా వంటయింటి గడపకడ గోంగూర దూసిన పిమ్మట మిగిలిన కాడను గోటితో చీల్చితిమేని సన్నని తెల్లని నారపోగు సాగి వచ్చును. ఆకు మనకు కూర. నార యొకప్పుడు దేశాంతరములకు సరకు. ఆ నారను ఐరోపా వర్తకులు ‘బిమ్లీ జ్యూట్’ అనెడివారు. అది మన భీమునిపట్టణపు పేరే.

17వ శతాబ్దమున డచ్చివారు స్థావర మేర్పఱచుకొని, 1825లో ఆంగ్లేయులకు విడిచిపోయిన యా రేవున గట్టుకడ లోతు లేమిచే ఓడలు దూరమున లంగరు వేసియుండ, ఇనుపమేకులు లేకుండ కొబ్బరిత్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలు నువ్వులను, కరక్కాయలను, గోగునారను వానికి చేరవేయుచుండెడివి. మేకులు గొట్టిన పడవ కెరటపు తాకిడికి పగులును; కుట్టుపడవ వంగి యోర్చుకొనును.

పిమ్మట ఇనుపదారి వచ్చెను. 1893-96 నడుమ బెజవాడనుండి కటకము వఱకు తూర్పుతీరపు మార్గము పడి, 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై హౌరాతో సంధానము కుదిరిన పిదప, బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారపు పనికై విశాఖ, గంజాము మండలములనుండి మన పూర్వులు ఖరగపురము చేరిరి. 1933లో విశాఖ రేవు తెరవబడగా చిన్న రేవుల ప్రాభవము మఱింత తగ్గెను. రైలు సముద్రవాణిజ్యమును మ్రింగెనని కొందఱందురు. నా మతమున అది సరకు ముఖమును ఇంటివైపు త్రిప్పినది. ఐనను పడవలు కుట్టెడి చేతులకు కలిగిన నష్టము స్వల్పము గాదు, దానిని మఱచుట న్యాయము గాదు.

1947 విభజనమున జనపనార పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానమునకు పోగా, మిల్లులు మాత్రము హుగ్లీ గట్టుననే నిలిచినవి. 1949లో మనము రూపాయి విలువను తగ్గింప, పాకిస్తానము తగ్గింపకుండుటచే ఇరుదేశముల బేరము స్తంభించెను. అంతట కలకత్తా మిల్లుల చూపు గోగునారపై పడెను. పూర్వము సముద్రము దాటిన నారకు స్వదేశమే గిరాకియైనది. తీరమునుండి హౌరా చేరు ఇనుపదారి మన ఖరగపురము మీదుగనే కదా!

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల రైతులు కోసిన గోగు కట్టలను చెఱువున ముంచి, పైన బరువు పెట్టి, బెరడు కుళ్లి వదులగువఱకు నానవేయుదురు. అటుపిమ్మట మోకాలిలోతు నీట నిలిచి కాడనుండి నారను ఒలిచి, జాడించి, గట్టున ఆరవేయుదురు. ఆ నీటి వాసన యూరంతయు వ్యాపించును. మా పెద్దమ్మ కాడలు పాఱవేయునపుడెల్ల ఆ వాసనను తలచుకొనెడిది.