సైకిలుదారుడికి నష్టపరిహారం: ఎస్.ఆర్. నగర్ నుంచి పురానీ హవేలీ దాకా

మోటారు వాహనం ఢీకొని సైకిలు తొక్కేవారు గాయపడితే వారికి, మరణిస్తే వారి కుటుంబానికి ఆ వాహనం తరఫున అందవలసిన సొమ్మే సైకిలు ప్రమాద నష్టపరిహారం. దీనికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. పరిహారానికి సంబంధించిన కొత్త సెక్షన్లు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. ఢీకొట్టిన వాహనానికి మాత్రం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. చట్టం లెక్కలో ఆ థర్డ్ పార్టీ సైకిలు మీద ఉన్న మనిషే. 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన తేలికపాటి బ్యాటరీ సైకిలును కూడా నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు.

హైదరాబాద్‌లో నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న ఎస్.ఆర్. నగర్‌లో తెల్లవారుజామున పేపరు వేసే కుర్రాళ్లు, పాలు పోసేవాళ్లు, డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు సైకిళ్ల మీదే తిరుగుతారు. పొద్దెక్కితే హాస్టళ్ల నుంచి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లే విద్యార్థుల వంతు. బల్కంపేట, బీకే గూడ సందుల్లోంచి వచ్చే సైకిలు మెట్రో స్తంభాల కింద ప్రధాన రోడ్డెక్కగానే బస్సులు, ఆటోలు, క్యాబుల మధ్య పడుతుంది. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. బతుకుతెరువు కోసం ఊరి నడిమధ్యలో సైకిలు తొక్కేవారికి అది అక్కరకు వచ్చేది కాదు.

ఇలాంటి చోట ప్రమాదం జరిగితే చాలాసార్లు వ్యవహారం రోడ్డు మీదే ముగిసిపోతుంది. జనం పోగవుతారు, డ్రైవరు నాలుగు వేలో ఐదు వేలో చేతిలో పెడతాడు, ఎవరో పెద్దమనిషి రాజీ చేస్తాడు. బాధితుడు కుంటుకుంటూ ఇంటికి పోతాడు. మోకాలిలో లిగమెంటు తెగిందనో, తలలో రక్తం గడ్డకట్టిందనో నాలుగో రోజు స్కానింగులో తేలుతుంది. అప్పటికి కారు నంబరు ఎవరి దగ్గరా ఉండదు. పేదవాడి హక్కు ఇంత సులువుగా చేజారడం అన్యాయం. దాన్ని కాపాడేది మొదటి రెండు రోజుల్లో పుట్టే కాగితాలే.

వాటిలో మొదటిది ఎఫ్ఐఆర్. ప్రమాదం ఏ ఠాణా పరిధిలోదో తేలక ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట స్టేషన్ల మధ్య తిరగాల్సిన పని లేదు. ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. 2024 జులై 1 నుంచి నిర్లక్ష్యపు డ్రైవింగుకు భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్, దానివల్ల అయిన గాయాలకు 125, మరణానికి 106 వర్తిస్తున్నాయి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యతని మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ చెబుతోంది.

ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించడం రెండో మెట్టు. జారిపడ్డానని చెప్పి కట్టు కట్టించుకుంటే ఆ మాటే తర్వాత బీమా కంపెనీ వకీలుకు ఆయుధమవుతుంది. వైద్యం ఖర్చుకు 2025 మే 5న కేంద్రం నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స దీని కిందకు వస్తుంది.

ఇక సైకిలు. దాన్ని వెంటనే రిపేరు షాపులో పడేయకూడదు. వెనక చక్రం రిమ్ము ఎనిమిది అంకెలా మెలితిరిగి, ముందు ఫోర్కు నిటారుగా ఉంటే దెబ్బ వెనక నుంచి తగిలిందని చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మడ్‌గార్డు మీద అంటిన కారు రంగు కూడా సాక్ష్యమే. అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచాలి. దుకాణాల ముందున్న సీసీ కెమెరాల రికార్డింగు కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి దాన్ని సేకరించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడగడం మంచిది.

పోలీసుల పని ఎఫ్ఐఆర్‌తో ఆగదు. 2022 నిబంధనల ప్రకారం 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌కు చేరాలి. బాధితుడి హక్కులు తెలిపే ఫారం కూడా పోలీసులే అతని చేతికివ్వాలి. ఈ గడువులు పాటించాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అడగనిదే ఆ ఫారం దొరకకపోతే, అడిగి తీసుకోవాలి.

మోటారు వాహనాల చట్టంలో పరిహారానికి దారులు రెండు. 164వ సెక్షన్ కింద తప్పెవరిదో రుజువు చేయనక్కర్లేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. అది పుచ్చుకుంటే ఇంకో దారి మూసుకుపోతుంది. ఆ రెండో దారి 166వ సెక్షన్. డ్రైవరు నిర్లక్ష్యం చూపించాలి గానీ సొమ్ముకు పరిమితి లేదు. వకీళ్లు 'ఓపీ వేయడం' అనేది దీన్నే. నగరంలో సిటీ సివిల్ కోర్టు చీఫ్ జడ్జి ఈ ట్రైబ్యునల్‌కు అధ్యక్షుడు. ఆ కోర్టు ఉన్నది పురానీ హవేలీలో. ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితుడు నివసించే చోట కూడా కేసు వేయవచ్చు. శ్రీకాకుళం నుంచి కోచింగ్‌కు వచ్చి కాలు విరిగి సొంతూరు చేరిన విద్యార్థికి ఇది పెద్ద ఊరట.

2019 సవరణ ఓపీకి ఆరు నెలల గడువు పెట్టింది. దీని చెల్లుబాటు మీద సవాళ్లు సుప్రీంకోర్టు ముందున్నాయి. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను కొట్టేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వును నమ్ముకుని ఆలస్యం చేయడం మాత్రం ప్రమాదకరం.

లెక్క ఎలా కడతారో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. సైకిలు మీద ఇడ్లీలు అమ్మే 30 ఏళ్ల మనిషి నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపువారికి భవిష్యత్తు ఎదుగుదల కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది. అప్పుడు 2,52,000. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పులోని గుణకం 17. హెచ్చిస్తే 42,84,000. సంపాదన శక్తి 30 శాతం పోయిందని ట్రైబ్యునల్ తేల్చితే ఈ పద్దు కింద వచ్చేది 12,85,200. వైద్య ఖర్చులు, నొప్పికీ బాధకూ ఇచ్చే మొత్తం, వడ్డీ వేరు.

ఈ శాతం దగ్గరే అసలు పోరాటం జరుగుతుంది. డాక్టరు సర్టిఫికెట్‌లోని వైకల్య శాతమూ, సంపాదన నష్టమూ ఒకటి కావని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి బతుకుతెరువు దాదాపు మొత్తంగా పోతుంది, గుమస్తా ఉద్యోగం మిగలవచ్చు. అందువల్ల చేసే పని ఏమిటో, అందులో కాలికీ చేతికీ ఉన్న అవసరమేమిటో పిటిషన్‌లో వివరంగా రాయించుకోవాలి.

జీతం చీటీ లేదని వెనుదీయనక్కర్లేదు. కర్ణాటకలో కాలు కోల్పోయిన కూరగాయల వ్యాపారి దగ్గర ఆదాయ పత్రాలు లేకపోయినా 2014లో సయ్యద్ సాదిక్ తీర్పులో సుప్రీంకోర్టు నెలకు 6,500గా లెక్కగట్టింది. ఇల్లాలి ఇంటిపనికి కూడా విలువ కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో నొక్కిచెప్పారు.

సైకిలుదారుడి తప్పుంటే ఆ మేరకు కోత పడుతుంది. ముంబయిలో బస్సు ఢీకొని మరణించిన 18 ఏళ్ల సైకిలు కుర్రాడి కేసులో 2003లో సుప్రీంకోర్టు అతని వంతు తప్పును 25 శాతంగా నిర్ణయించింది. అమీర్‌పేటలోని మైత్రీవనం దగ్గర యూటర్న్ దూరమని రాంగ్ సైడులో వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి. హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్లకే. సైకిలుదారుడు పెట్టుకోకపోవడం చట్టరీత్యా నేరం కాదు.

డ్రైవరుకు లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు నుంచి కోర్టులు ఆదేశిస్తూ వచ్చాయి. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే 161వ సెక్షన్ పథకం ఉంది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తారు. దరఖాస్తు రెవెన్యూ అధికారికి ఇవ్వాలి, మంజూరు చేసేది జిల్లా కలెక్టరు. ఈ పథకం గురించి పోలీసులే బాధితులకు చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

వకీలు ఫీజుకు స్తోమత లేనివారు న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. బీమా కంపెనీ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ కుదురుతుంది. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు గనుక అంకె చూసి సంతకం పెట్టాలి. ట్రైబ్యునల్ అవార్డు చాలదనిపిస్తే 90 రోజుల్లోగా తెలంగాణ హైకోర్టుకు వెళ్లవచ్చు. వివాదంలోని మొత్తం లక్ష రూపాయల లోపైతే ఆ అవకాశం లేదు.