ప్రొటీన్ పౌడర్, విటమిన్ గమ్మీలు కొంటున్నారా? డబ్బాపై ‘నేచురల్’ అని ఉంటే సరిపోదు.. ఇవి చూసుకోండి!

జిమ్‌కి వెళ్లేవాళ్లకు ప్రొటీన్ పౌడర్, పిల్లలకు విటమిన్ గమ్మీలు, నీళ్లలో వేయగానే బుసబుసా పొంగే విటమిన్ సి మాత్రలు.. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవి మామూలైపోయాయి. వీటిలో చేదు, వగరు తెలియకుండా ఉండాలని కంపెనీలు తీపి కలుపుతాయి. కృత్రిమ స్వీటెనర్లంటే భయపడి చాలామంది ‘నేచురల్’ అని రాసున్న డబ్బా వెతుక్కుంటున్నారు. కానీ ఆ ఒక్క మాట చూసి కొంటే ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు ఇబ్బంది పడొచ్చు. ఎందుకంటే ‘నేచురల్’ తీపిలో అసలు షుగరే ఉండొచ్చు.

కృత్రిమ స్వీటెనర్లు ఏవి?

సప్లిమెంట్లలో ఎక్కువగా కనిపించేవి సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ పొటాషియం, ఆస్పర్టేమ్. పంచదారతో పోలిస్తే సుక్రలోజ్ దాదాపు 600 రెట్లు, ఆస్పర్టేమ్ దాదాపు 200 రెట్లు తియ్యగా ఉంటాయి. అందుకే చాలా కొద్దిగా వేస్తే చాలు. లేబుల్‌పై పేరుకు బదులు నంబర్ కూడా ఉండొచ్చు. 950 అంటే ఎసిసల్ఫేమ్ పొటాషియం, 951 అంటే ఆస్పర్టేమ్, 955 అంటే సుక్రలోజ్.

2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో చేర్చింది. అయితే అప్పుడే నిపుణుల కమిటీ ఒకటి దాని వాడకంపై పాత పరిమితినే కొనసాగించింది. శరీర బరువులో కిలోకి రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాముల వరకు అన్నమాట. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ జోలికి వెళ్లకూడదు.

‘నేచురల్’లో రెండు రకాలు

మొదటిది.. తేనె, బెల్లం, ఖర్జూరం సిరప్, కొబ్బరి చక్కెర. ఇవి సహజమే, కానీ షుగరే! బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది పంచదారలో ఉండే సుక్రోజే. కాబట్టి ‘రిఫైన్డ్ షుగర్ లేదు’ అని రాసున్నా రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె కలిసినవి అస్సలు ఇవ్వకూడదు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే ముప్పుంది.

రెండోది.. స్టీవియా (మధుపత్రి), మాంక్ ఫ్రూట్. వీటి సారం పంచదార కంటే కొన్ని వందల రెట్లు తియ్యగా ఉన్నా గ్లూకోజ్‌ను పెంచదు. లేబుల్‌పై స్టీవియా నంబర్ 960. అయితే ఇది ఆకు తెంపి నేరుగా కలిపేది కాదు, ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన సారం. దీనికీ రోజువారీ పరిమితి ఉంది. స్టీవియాల్ లెక్కలో అది శరీర బరువులో కిలోకి 4 మిల్లీగ్రాములు.

స్టీవియాతో పాటు ఇంకేం కలిపారు?

స్టీవియా తిన్నాక నాలుకపై కాస్త చేదు మిగులుతుంది. పైగా చాలా కొద్దిగానే వాడతారు కాబట్టి పొడి పరిమాణం రాదు. అందుకే మాల్టోడెక్స్ట్రిన్ లేదా ఎరిథ్రిటాల్ (968) కలుపుతుంటారు. మాల్టోడెక్స్ట్రిన్ పెద్దగా తియ్యగా ఉండదు కానీ గ్లూకోజ్‌ను వేగంగా పెంచుతుంది. ఇక ఎరిథ్రిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించినట్టు 2023లో ఓ అధ్యయనం తెలిపింది. దానివల్లే వచ్చాయని రుజువు కాలేదు. అయినా గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడగడం మంచిది. సార్బిటాల్ (420), మాల్టిటాల్ (965) ఎక్కువైతే గ్యాస్, విరేచనాలు రావొచ్చు.

బరువు తగ్గాలని వాడుతున్నారా?

బరువు తగ్గడానికి చక్కెరేతర స్వీటెనర్లపై ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఆ జాబితాలో సుక్రలోజ్‌తో పాటు స్టీవియా కూడా ఉంది. ఇప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకు ఈ సూచన వర్తించదు.

కొనేముందు ఇవి చూడండి

* డబ్బా ముందు వైపు కాదు, వెనక వైపు చదవండి. బరువులో ఎక్కువ ఉన్న పదార్థం పేరే జాబితాలో ముందు ఉంటుంది. తేనె, బెల్లం, మాల్టోడెక్స్ట్రిన్ మొదటి వరుసలోనే ఉంటే షుగర్ ఉన్నవాళ్లు ఆలోచించాల్సిందే.
* ‘నో యాడెడ్ షుగర్’ అంటే షుగర్ అసలు లేదని కాదు. ‘టోటల్ షుగర్స్’ ఎంతో చూడండి.
* ముందు ‘స్టీవియాతో’ అని ఉన్నా వెనక 960 పక్కనే 955 కూడా ఉందేమో గమనించండి. ఉంటే రెండూ కలిపారని అర్థం.
* రోజు లెక్క వేసుకోండి. ఒక్కో గమ్మీలో 2 గ్రాముల షుగర్ ఉంటే, రెండు తింటే 4 గ్రాములు. అంటే దాదాపు ఒక టీస్పూన్ పంచదార!
* గమ్మీలు పిల్లలకు అందకుండా పెట్టండి. చాక్లెట్లనుకుని ఎక్కువ తింటే ఐరన్, విటమిన్ ఎ మోతాదు మించి ప్రమాదం కావచ్చు.

మరి ఏది మంచిది?

షుగర్ ఉండి కృత్రిమ స్వీటెనర్లు వద్దనుకునేవాళ్లు మాల్టోడెక్స్ట్రిన్ కలపని స్టీవియా లేదా మాంక్ ఫ్రూట్ రకం చూసుకోవచ్చు. అసలు తీపే అవసరం లేని దారి కూడా ఉంది. క్యాప్సూల్ మింగేస్తాం కాబట్టి దానికి తీపితో పనిలేదు. ప్రొటీన్ పౌడర్‌లో ఫ్లేవర్ లేని రకం దొరుకుతుంది. దాన్ని పాలలోనో మజ్జిగలోనో కలుపుకుంటే సహజమా, కృత్రిమమా అన్న సమస్యే ఉండదు.

(ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. షుగర్, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ సలహా లేకుండా ఏ సప్లిమెంటూ మొదలుపెట్టొద్దు.)