సాయం చెయ్యడం చదువుగా మారిన కథ

1881 డిసెంబరు 11 రాత్రి రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఒక పెళ్లి జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, బాలవితంతువు. బడిలో మనం చదివిన పాఠం దాదాపు ఇక్కడే ఆగిపోతుంది. నన్ను ఎప్పుడూ పట్టి లాగేది ఆ పెళ్లి చుట్టూ జరిగిన పని. పిల్లను కృష్ణా జిల్లా నుంచి గుట్టుచప్పుడు కాకుండా తీసుకురావాలి. ఊరి మాటకు జంకని పెళ్లికొడుకును వెతకాలి. డబ్బు కావాలి, దానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య అండగా నిలిచారు. అల్లరి జరక్కుండా పోలీసులు కావాలి, వాళ్లకు తోడుగా కళాశాల విద్యార్థులు కాపలా కాశారు. ఊరు వెలేసి, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి వంట చేశారు.

పెళ్లయ్యాక అసలు కష్టం మొదలైంది. ఆ జంటకు ఇల్లు ఎవరు అద్దెకిస్తారు? ఉద్యోగం ఎవరిస్తారు? అత్తింటివాళ్లు రానివ్వరు, పుట్టింటివాళ్లు మొహం చూడరు. వీరేశలింగం తన జీవితకాలంలో 40 దాకా ఇలాంటి పెళ్లిళ్లు చేయించారు. ఆ కుటుంబాల్లో చాలావాటి పోషణ ఆయన మీదే పడింది. పెళ్లి చేసుకున్నందుకు బతుకంతా సంస్కర్తే చూసుకోవాలని ఆశించినవాళ్లూ ఉన్నారు. ఆ చికాకంతా ఆయన స్వీయచరిత్రలో దాచకుండా రాశారు. సాయం చేసినకొద్దీ సాయం పొందేవాడు నిలదొక్కుకోవాలి గానీ ఇంకా వాలిపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న ఆయన్ని పీడించింది. అప్పుడు దానికి జవాబు చెప్పే పుస్తకం ప్రపంచంలో ఎక్కడా లేదు.

అదే కాలంలో అదే ప్రశ్న లండన్‌ను కూడా తొలిచేస్తోంది. 1869లో అక్కడ దానధర్మాలను ఒక పద్ధతిలో పెట్టడానికి ఒక సంఘం పుట్టింది. ఒకే ఇంటికి నలుగురు దాతలు నాలుగు దుప్పట్లు ఇచ్చి, పక్కింటికి ఎవరూ ఇవ్వకపోతే ఎలా? ఎవరికి ఏది అవసరమో ఇంటికి వెళ్లి అడిగి రాసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. 1884లో లండన్‌లోనే టాయిన్బీ హాల్, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్ హల్ హౌస్ వచ్చాయి. చదువుకున్నవాళ్లు పేదల వాడలోకే వెళ్లి కాపురం పెట్టి, ఇరుగుపొరుగుగా ఉంటూ పని చెయ్యడం వాళ్ల దారి. ఇంటింటికీ వెళ్లి రాసుకునే దారి ఒకటి, వాడలో కలిసి బతికే దారి ఇంకొకటి. నేటి సోషల్ వర్క్ చదువులో ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

దీన్ని చదువుగా మార్చాలని పట్టుబట్టిన మనిషి మేరీ రిచ్‌మండ్. బాల్టిమోర్‌లోని ధర్మసంస్థలో లెక్కలు చూసే చిన్న ఉద్యోగంలో చేరి, పేదల ఇళ్లకు వెళ్లే పనిలోకి దిగింది. మంచి మనసు ఒక్కటే చాలదు, శిక్షణ కావాలని 1897లో ఒక సభలో వాదించింది. మరుసటేడు న్యూయార్క్‌లో ఆరు వారాల వేసవి తరగతి మొదలైంది. ఆ తరగతే పెరిగి పెరిగి కొలంబియా విశ్వవిద్యాలయపు సోషల్ వర్క్ స్కూలు అయింది. 1917లో ఆమె అచ్చువేసిన లావుపాటి పుస్తకం ఒకే విషయం చెబుతుంది: ఒక కుటుంబం కష్టం తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, విన్నదాంట్లో ఏది నిజమని నిర్ధారించుకోవాలి. వైద్యుడు రోగాన్ని కనిపెట్టినంత జాగ్రత్తగా కష్టాన్ని కనిపెట్టాలంటుంది. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకు, 1919లో, వీరేశలింగం మద్రాసులో కన్నుమూశారు. ఆమె సూత్రాలుగా రాసినవాటిలో కొన్నింటిని ఆయన దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసి ఉండే అవకాశం లేదు. నాకు ఆ దూరం తలుచుకున్నప్పుడల్లా బాధగా ఉంటుంది.

మన దేశానికి ఈ చదువు బొంబాయి మీదుగా వచ్చింది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1920ల్లో నాగ్‌పాడా మురికివాడలో ఒక కేంద్రం పెట్టి పని చేశారు. శిక్షణ ఉన్న మనుషులు లేకుండా ఈ పని సాగదని టాటా ట్రస్టును ఒప్పించారు. 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. మొదటి జట్టులో 20 మంది. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారింది. 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో తొలి మెడికల్ సోషల్ వర్కర్ చేరారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమాధికారి ఉండాలంది. దాంతో ఈ చదువుకు ఉద్యోగం తోడైంది. రాజమండ్రి పేపరు మిల్లు లాంటి పెద్ద ఫ్యాక్టరీ ఉన్న ప్రతి ఊళ్లో ఇలా చదివినవాళ్లకు ఒక కుర్చీ ఏర్పడింది. 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ మద్రాసులో స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ స్థాపించారు.

గోదావరి గట్టు మీది పనీ బొంబాయిలో పుట్టిన చదువూ కలిసింది ఒక రాజమండ్రి ఆడపడుచు వల్ల.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి తనకు వద్దని, భర్తను వేరే పెళ్లి చేసుకోమని చెప్పారు. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారంటే, ఊళ్లోని దేవదాసీలు ఆయన్ను కలవాలని పన్నెండేళ్ల ఆ పిల్ల పట్టుబట్టింది. నిధికి 5000 రూపాయలు ఇస్తేనే కుదురుతుందని పెద్దలు మెలిక పెట్టారట. ఆ ఆడవాళ్లే ఆ డబ్బు పోగుచేశారు. ఐదు నిమిషాలు ఉంటారనుకున్న గాంధీ అరగంట పైగా వాళ్లతో మాట్లాడారని, వాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారని దుర్గాబాయి తర్వాత చెప్పుకున్నారు. ఇందులో నాకు గొప్పగా తోచేది గాంధీ ఉండిపోవడం కంటే డబ్బు ఆ ఆడవాళ్ల చేతే పోగు చేయించడం. ఎవరికోసం పని చేస్తున్నామో వాళ్లే ఆ పనికి ముందు నిలవాలన్నది ఈనాడు సోషల్ వర్క్ క్లాసులో మొదటి వారమే చెప్పే మాట.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు ఆమెకు అక్కడి ఆడఖైదీలు పరిచయమయ్యారు. చదువు రాక, తమ తరఫున మాట్లాడేవారు లేక శిక్ష పడినవాళ్లు. అది చూశాకే న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. తనకు చిన్నప్పుడు కట్టబెట్టిన ఆ భర్త 1941లో పోయాక, ఆయన రెండో భార్య బంధువుల మధ్య అవమానాలు పడుతుంటే దుర్గాబాయే పిలిచి ఆదుకున్నారు. పని నేర్పించి, తన కాళ్ల మీద తాను నిలబడేలా చేశారు. వీరేశలింగాన్ని పీడించిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. నీడ ఇచ్చి ఊరుకోకుండా చేతికి పని కూడా ఇవ్వడం.

రాజ్యాంగ సభలో పని చేశాక ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. అప్పటికే ఊరూరా స్వచ్ఛంద సంస్థలు పని చేస్తున్నాయి. వాటిలో చాలావాటికి లెక్కలు రాయడం రాదు, రికార్డులు లేవు. గ్రాంటు ఇవ్వాలంటే అవన్నీ కావాలి. సేవకు శిక్షణ ఎందుకని అడిగినవాళ్లకు ఆ గ్రాంటు దరఖాస్తులే జవాబు చెప్పాయి. 1955లో ప్రణాళికా సంఘం దేశంలోని సాంఘిక సంక్షేమ కార్యక్రమాల మీద ఒక పెద్ద సంపుటి తెచ్చింది. 1968లో భారతదేశ సోషల్ వర్క్ విజ్ఞానసర్వస్వం మూడు సంపుటాలుగా వచ్చింది. రెండింటి వెనకా ఆమె పూనిక ఉంది. అమెరికా పుస్తకాలతో పాఠం చెప్పుకుంటున్న మన సోషల్ వర్క్ మాస్టార్లకు మన దేశపు వివరాలు ఒకచోట దొరకడం అప్పుడే మొదలైంది.

ఇప్పుడు రాజమండ్రిలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలోనే ఎం.ఎస్.డబ్ల్యూ. చదవొచ్చు. రెండేళ్ల చదువు. కేస్ వర్క్ అంటే ఒక మనిషితో, ఒక కుటుంబంతో చేసే పని. గ్రూప్ వర్క్ అంటే చిన్న గుంపుతో చేసేది, దానికి మన డ్వాక్రా సంఘాలే పెద్ద బడి. కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అంటే ఊరితో చేసేది. పరిశోధన పద్ధతులు, సంస్థల నిర్వహణ, సోషల్ యాక్షన్ ఉంటాయి. మనస్తత్వం, సమాజశాస్త్రం, చట్టాలు సరేసరి. రెండో ఏడాదిలో ఆసుపత్రి, కుటుంబం, పిల్లలు, గ్రామాభివృద్ధి, జైళ్లు, కార్మిక సంక్షేమం వంటివాటిలో ఒకదాని మీద ప్రత్యేకంగా దృష్టి పెడతారు. ఈ సబ్జెక్టుల పేర్లు ఏ యూనివర్సిటీ పుస్తకంలో చూసినా కొద్ది తేడాతో ఇవే.

ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్ వర్క్. వారంలో ఒకటి రెండు రోజులు విద్యార్థి ఆసుపత్రికో వాడకో సంస్థకో వెళ్లాలి. వచ్చాక రిపోర్టు రాయాలి. అవతలివాళ్లు అన్న మాట అన్నట్టే రాయాలి, అది విన్నప్పుడు తన మనసులో ఏమనిపించిందో పక్కనే రాయాలి. సూపర్‌వైజర్ దాన్ని ముందు పెట్టుకుని విద్యార్థిని కూర్చోబెట్టి మాట్లాడతారు. కాలవగట్టు మీది పాకలో ఉండే ఒక తల్లి దగ్గరికి కొత్తగా వెళ్లిన విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: ‘ఆమెకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు. రెండుసార్లు వెళ్లినా ఇంట్లో లేదు, సహకరించడం లేదు.’ దాని కింద ఎర్ర ఇంకుతో ప్రశ్నలు పడతాయి. నువ్వు వెళ్లింది ఏ వేళ? పది గంటలకా? ఊడ్పుల రోజుల్లో తెల్లారకముందే పొలానికి పోయే మనిషి పది గంటలకు ఇంట్లో ఎలా ఉంటుంది? శ్రద్ధ లేదన్న మాట ఎవరన్నారు, ఆమా, పక్కింటివాళ్లా, నువ్వా? మూడోసారి ఆ కుర్రాడు సాయంత్రం వెళ్తాడు. ఆ ఎర్ర ఇంకు దగ్గరే ఈ చదువు వంటబడుతుంది. పరీక్షలో రాసే నిర్వచనాలు దాని తర్వాతే.

ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాలు ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థులు అందరూ వల్లిస్తారు. ఏ ఇద్దరి కష్టాన్నీ ఒకే గాటన కట్టకు, తీర్పు చెప్పకు, విన్నది బయటపెట్టకు, నిర్ణయం ఆ మనిషినే తీసుకోనివ్వు అనేవి వాటిలో కొన్ని. చివరిదే అన్నిటికన్నా కష్టం. 1881 నాటి పెళ్లిని ఈ సూత్రంతో చూస్తే గౌరమ్మ ఏమనుకుందో అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ కథ మనకు వీరేశలింగం చెప్పిన మేరకే తెలుసు. ఆయన గొప్పతనం మీద నాకు ఎలాంటి అనుమానమూ లేదు. అయినా క్లాసులో ఈ ప్రశ్న వెయ్యాలనే నా పట్టు. మనం గౌరవించే మనిషి పనిని కూడా ఇలా పరిశీలించగలిగినప్పుడే విద్యార్థి రేపు తన పనిని తాను చూసుకోగలడు.

గోదావరి డెల్టాలో ఈ చదువుకు అసలు పరీక్ష పెట్టింది 1996 నవంబరు 6 నాటి తుపాను. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల నుంచి వేటకెళ్లిన పడవలు చాలా తిరిగి రాలేదు. శవం దొరకని చోట ఆ ఇల్లాలు విధవా, కాదా? మామూలుగా చట్టం ఏడేళ్లు ఎదురుచూడమంటుంది. పరిహారం కాయితానికి మరణ ధ్రువపత్రం కావాలి. సాయంత్రం కాగానే రేవుకు వెళ్లి సముద్రం కేసి చూసే మనిషితో ఆ కాయితం సంగతి ఎలా మాట్లాడాలి? మాట్లాడకపోతే పిల్లల గతేమిటి? బియ్యం, బట్టలు పంచడం ఎవరైనా చేస్తారు. ఈ మాట మాట్లాడటానికి తర్ఫీదు కావాలి. కూలిన కొబ్బరితోట సంగతీ అంతే. కొత్త మొక్క కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు పడుతుంది. తోట యజమాని నష్టం అధికారులు రాసుకుంటారు. దింపు తీసేవాడికీ పీచు ఒలిచే కూలికీ ఆ ఐదారేళ్లు పని ఉండదు, వాళ్ల పేరిట చెట్టు లేదు కాబట్టి లెక్కలోకి రారు. వాళ్లను లెక్కలోకి తేవడం సోషల్ వర్కర్ పని.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మురుగు పోదు, ధర రాదు, పెట్టుబడి పెరిగిందన్నారు. వాళ్ల గోడు న్యాయమైనదే. కానీ భూమి ఉన్న రైతుకూ కౌలు రైతుకూ కూలీకీ ఆ సాలు ఒకేలా గడవదు. ఊరంతా ఒక్క మాట మీద ఉందని రాసేముందు ఆ మూడు వాకిళ్లలోనూ కూర్చుని రావాలని కమ్యూనిటీ ఆర్గనైజేషన్ పాఠం చెబుతుంది. పోలవరం కోసం దేవీపట్నం వైపు ఊళ్లు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాల దగ్గర కూడా ఇదే పద్ధతి. ఇల్లూ పరిహారమూ ఒక లెక్క, అడవిలో దొరికే కుంకుడు, చింతపండు, వంటచెరకు పోవడం ఇంకో లెక్క.

ఇంత ఉన్నా డెల్టా గురించి తెలుగులో రాసిన కేస్ పుస్తకం ఈ విద్యార్థుల చేతిలో లేదు. మేరీ రిచ్‌మండ్ ఉదాహరణలూ, కేస్ వర్క్ మీద రాసిన పెర్ల్‌మన్ ఉదాహరణలూ అమెరికావి. నా కోరిక ఒకటే. ఏటా మన విద్యార్థులు లంకల్లో, రేవుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో తిరిగి రాసే ఫీల్డ్ వర్క్ రిపోర్టులు ఉన్నాయి. వాటిలో మంచివి ఏరి, పేర్లూ ఊళ్లూ గుర్తుపట్టలేకుండా మార్చి, ఎర్ర ఇంకు వ్యాఖ్యలతో సహా తెలుగులో అచ్చువెయ్యాలి. మొదటి అధ్యాయంగా వీరేశలింగం స్వీయచరిత్రలోని పెళ్లి ఖర్చులూ తగాదాలూ పోషణ కష్టాలూ ఉన్న భాగం పెట్టాలి, రెండోదిగా 1921 కాకినాడ. ఆ తర్వాత తుపాను రేవు, పంట విరామం, పునరావాస కాలనీ. విశ్వవిద్యాలయం తలుచుకుంటే రెండు మూడేళ్ల పని.